చేబదులు చెట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ 'తోపు' అనే మాట అనకూడదు. మామిడి తోపు అన్నా, చింతతోపు అన్నా మా అమ్మ చేతిలోని పని ఆగిపోయేది. గరిటె పట్టుకుని ఉంటే గరిటెను, చీపురు పట్టుకుని ఉంటే చీపురును నేలకేసి ఒక్క దెబ్బ కొట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఏ తోపు పేరెత్తినా ఆమెకు వినబడేది ఒకటే, వాళ్ళ నాయన సవుకు తోపు. సరుగుడు చెట్లను మా వైపు సవుకు అంటారు. పలమనేరు పక్కన మా పేట వెనకాల మిట్ట ఎక్కి చూస్తే ఆ తోపు నిటారుగా, నల్లటి పచ్చగా కనబడేది. గాలి గట్టిగా వీస్తే దాని హోరు మా ఇంటిదాకా వచ్చేది. ఇంట్లో మాటనైతే ఆపగలిగింది గానీ ఆ హోరును మా అమ్మ ఆపలేకపోయింది. గాలి రోజుల్లో కిటికీ మూసేసి పని చేసుకునేది.

ఆ కోపానికి కారణం నాకు పెద్దవాళ్ళ మాటల్లోంచి ముక్కలు ముక్కలుగా తెలిసింది. మా నాయన బేల్దారి. రాతి గోడ కట్టడంలో చుట్టుపక్కల మంచి పేరుండేది. మా తాత తన బావి పక్కగోడలు కట్టడానికి ఆయన్ను పిలిపించుకున్నాడు. బావి పని పూర్తయ్యేసరికి ఆ ఇంటి కూతురూ మా నాయనా ఒకరినొకరు ఇష్టపడ్డారు. మా అమ్మ వాళ్ళది ఊరి నడుమ సేద్యం చేసుకునే ఇల్లు. మా నాయనది ఊరి బయట కిరస్తానీ పేట. ఇద్దరూ చిత్తూరు వెళ్ళి చర్చిలో పెళ్ళి చేసుకుని వచ్చేశారు. ప్రాణమున్నంత వరకు ఆ బేల్దారి గడప తొక్కననీ, వాళ్ళు తన గడప తొక్కకూడదనీ మా తాత నలుగురిలో నిలబడి అన్నాడట. అంతవరకు మా అమ్మ ఓర్చుకుంది. నాయన కోపం ఎప్పటికైనా తగ్గకపోతుందా అనుకుంది.

ఆ తర్వాత మా అవ్వ, అంటే మా అమ్మను కన్నతల్లి, జబ్బు చేసి చనిపోయింది. ఆ సంగతి మా అమ్మకు ఎవరూ చెప్పి పంపలేదు. సంతలో గాజులమ్మే ఆమె "మీ అమ్మ కర్మాంతరం ఎప్పుడమ్మా?" అని అడిగితే తెలిసింది. అప్పటికి దహనం అయిపోయి వారం గడిచిపోయింది. మా అమ్మ ఇంటికి వచ్చి ఏడవలేదు. పొయ్యి దగ్గర కూర్చుని, మండుతున్న కట్టెలను ఒక్కొక్కటిగా బయటికి లాగి నీళ్ళు పోసి ఆర్పింది. ఆ రోజు మా ఇంట్లో వంట లేదు. తోపు అనే మాట కూడా ఆ రోజు నుంచే లేదు.

మా పేటలో క్రిస్మస్ అంటే ప్రతి ఇంట్లోనూ చెట్టు ఉండాల్సిందే. కొనేవి కావు, ప్లాస్టిక్‌వి అసలే కావు. ఎక్కడో ఒక చోట సవుకు తోపు నరుకుతుంటారు. పొడుగు వాసాలు లారీలకు ఎక్కాక తలకొమ్మలు మిగిలిపోతాయి. మా నాయన వాటిలో ఒకటి భుజాన వేసుకుని తెచ్చి, డబ్బాలో ఇసుక పోసి నిలబెట్టేవాడు. మాకు అదే చెట్టు. కానీ నేను చెప్పే ఆ సంవత్సరం చుట్టుపక్కల ఎక్కడా నరుకుళ్ళు లేవు. మా నాయన వెదికి వెదికి చివరికి ఒక యూకలిప్టస్ కొమ్మ తెచ్చాడు. తెల్లారేసరికి దాని ఆకులన్నీ వడలిపోయి, తడి గుడ్డల్లా వేలాడుతూ కనబడ్డాయి.

నాకు అప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు, మా చెల్లెలు ఇంకా చంకపిల్ల. ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకాలే కోపమూ వచ్చింది. "ఏసయ్య చెట్టు లేకుండానే పుట్నాడు, నోరు మూసుకో" అంది మా అమ్మ. నేను మూసుకోలేదు. మిట్ట అవతల అన్ని చెట్లుంటే మనకు ఈ పీనుగు కొమ్మ ఎందుకని అరిచాను. తోపు అనే మాట కూడా నోట్లోంచి వచ్చేసింది. చెంప పేలింది. మా నాయన అడ్డం వచ్చేలోపల రెండో చెంప కూడా పేలింది.

దెబ్బకంటే ఎక్కువ మండింది ఏమిటంటే, నేను చేసిన తప్పేమిటో నాకు అర్థం కాకపోవడం. ఎవరి మీదో కోపానికి నా చెంపలెందుకు? మర్నాడు పొద్దున మా అమ్మ పిడకలు తట్టుతున్నప్పుడు నేను మిట్ట ఎక్కి అవతలికి దిగిపోయాను.

మా తాతను అంతకు ముందు దూరం నుంచి ఒకటి రెండుసార్లు చూశాను, అంతే. తలకు తువ్వాలు చుట్టుకుని, రాలిన సవుకాకును పోగు చేస్తున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు.

"ఎవురి పిల్లవే?" అన్నాడు.

మా నాయన పేరు చెప్పాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. నేనెవరో అడగకముందే ఆయనకు తెలుసని ఇప్పుడు అనుకుంటాను. మా అమ్మ ముక్కు, మా అమ్మ నుదురు దించినట్టు నాకు వచ్చాయి.

"పండక్కి చెట్టు కావాల" అన్నాను.

"ఇంక యాడా చెట్లు లేవా?"

"ఉంటే నీకాడికెందుకొస్తా?"

"సరే, ఏరుకో. ఒకటే" అన్నాడు.

తోపు లోపలికి వెళితే బయటి ప్రపంచం ఉన్నట్టే ఉండదు. కింద మెత్తటి ఆకు పరుపు, పైన ఆగని గాలి చప్పుడు. పెద్ద చెట్ల మధ్య అక్కడక్కడా పిల్ల మొక్కలు లేచి ఉన్నాయి. నేను నా ఎత్తున్న ఒకదాన్ని పట్టుకుని ఇది కావాలన్నాను. అది వంకర అన్నాడు. ఇంకొకటి చూపిస్తే దాని మీద పిట్ట గూడుంది, వద్దన్నాడు. మరొకటి పెద్ద చెట్టు వేళ్ళకు చుట్టుకుని ఉంది, తీస్తే రెండూ పోతాయన్నాడు. ఇట్లా తోపు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నన్ను తిప్పాడు. నేను ఏది ముట్టుకుంటే అది కాదు. నా కాళ్ళకు ముళ్ళు గుచ్చుకున్నాయి. ముందురోజు పేలిన చెంపలు ఇంకా మండుతున్నట్టే ఉన్నాయి.

"ఇచ్చేకి మనసు లేకుంటే లేదని చెప్పరాదా! ఊరికే తిప్పుతావెందుకు? మా అవ్వ సచ్చిపోతే కూడా చెప్పని మనిషివి నువ్వు. నువ్వేం ఇస్తావు?" అని గొంతు చించుకుని అరిచాను.

అరిచాక భయమేసింది. ఆయన చేతిలో పొడుగాటి కర్ర ఉంది. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే ఆయన నాకు వీపు చేసి, ఒక చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. తర్వాత పాకలోకి వెళ్ళి గడ్డపార తెచ్చాడు.

"యాది కావాల?" అన్నాడు.

నేను మొదట ముట్టుకున్న దాన్నే చూపించాను. అది వంకర అని మళ్ళీ అనలేదు. చుట్టూ మట్టిని తవ్వడం మొదలుపెట్టాడు. ఆ తవ్వడం చూస్తే పగవాణ్ణి పొడుస్తున్నట్టే ఉంది. కొడవలితో ఒక్క వేటు వేసి ఇవ్వొచ్చు కదా అని నాకు తోచింది. ఆయన మాత్రం వేరు తెగకుండా, మట్టి గడ్డతో సహా మొక్కను పైకి లేపి, తడిపిన గోనెసంచిలో చుట్టి, పురికొసతో బిగించి కట్టాడు. ఒంటెద్దు బండిలో దాన్ని పెట్టి, నన్ను పక్కన ఎక్కించుకున్నాడు.

మా పేట మొదట్లో బండి ఆపేశాడు. చెట్టును కిందికి దించి నాతో అన్నాడు.

"ఇది నీకు ఇచ్చింది గాదు, తెలిసిందా? చేబదులు. పండగ అయినాక వచ్చి తీసుకుపోతా, నా తోపు గెనిమ మీద మళ్ళా నాటుకుంటా. ఎండిపోతే సూడు నీ పని." బండి ఎక్కి పగ్గం పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే ఇంకో మాట అన్నాడు. "మీ అమ్మతో చెప్పు, దీన్ని బతికించేది ఆయమ్మకు చేతగాదని."

మా నాయన పరిగెత్తుకొచ్చి చెట్టును ఇంట్లోకి మోశాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన అడగలేదు. గోనెసంచి కట్టిన తీరు చూసి ఆయనకు అర్థమైపోయి ఉంటుంది. మా అమ్మ మాత్రం అడిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది. చెట్టు మొదలు పట్టుకుని వీధిలోకి ఈడ్చబోయింది. మా నాయన "చెట్టేం చేసింది?" అన్నాడు నెమ్మదిగా. ఆ నెమ్మది ఆమెను ఇంకా మండించింది. నేను ఏడుస్తూ, అది ఇచ్చింది కాదు, చేబదులు అని, ఆయన చెప్పమన్న మాట కూడా చెప్పేశాను.

మా అమ్మ చెయ్యి చెట్టు మొదలు మీదే ఆగిపోయింది.

"ఏమన్నాడు? మళ్ళా చెప్పు."

"దీన్ని బతికించేది నీకు చేతగాదంట."

ఆమె పళ్ళు కొరకడం నాకు వినబడింది. చెట్టును వదిలేసి పెరట్లోకి వెళ్ళింది. పగిలిపోయి మూలన పడి ఉన్న కుడితి తొట్టిని దొర్లించుకుంటూ తెచ్చి ఇంటి నడుమ పెట్టింది. "మన్ను తీసకరాపో" అని నన్ను అరిచింది. మా నాయన చెట్టును తొట్టిలో నిలబెడితే తన చేతులతో చుట్టూ మట్టి అదిమింది. "నాకు చేతగాదంట. నాకు! ఆ ఇంట్లో ఆవులకు పురుళ్ళు పోసిందెవురు? ఆ తోపుకు నీళ్ళు మోసిందెవురు?" అంటూ, ఒక్కో మాటకు ఒక్కో గుద్దు గుద్దుతూ అదిమింది. ఆ తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి, మట్టి గబుక్కున కొట్టుకుపోకుండా వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెంగా పోసింది.

పండగ వరకు అదే వరస. పొద్దున లేవగానే మా అమ్మ మొదట చూసేది ఆ చెట్టునే. తిట్టుకుంటూ చూసేది, తిట్టుకుంటూ నీళ్ళు పోసేది. కొనలు చిదిమి పచ్చిగా ఉన్నాయో లేదో పరీక్షించేది. అలంకారం కూడా ఆమే చేతుల్లోకి తీసుకుంది. అంతకు ముందు సంవత్సరాల్లో నేనూ మా నాయనా ఏదో కాగితం ముక్క తగిలించి మురిసిపోయేవాళ్ళం. ఈసారి అట్లా కుదరదంది. ఖాళీ అగ్గిపెట్టెలకు బీడీ కట్టల మీది మెరుపు కాగితం అంటించి వేలాడదీసింది. గురివింద గింజలు నానబెట్టి, సూదితో పొడిచి దండలు గుచ్చింది. పగిలిన గాజుల ముక్కలను దీపం మీద కాచి గొలుసులా కలిపింది. కనకాంబరాల మాల కట్టి పై నుంచి కింది దాకా చుట్టింది. మా నాయన వెదురు బద్దలతో నక్షత్రం చేసి ఎర్ర కాగితం అంటించాడు. పేటలో పిల్లలంతా మా గుమ్మంలో గుంపు కట్టి చూసేవాళ్ళు. అంత అందమైన చెట్టు అంతకు ముందు మా పేటలో ఎవరూ పెట్టలేదు. ఆ అందమంతా కోపంతో చేసిందే. తన తండ్రి నోరు మూయించడానికి చేసింది.

ఆ రోజుల్లో మా తాత మా పేట మొదట్లోని టీ బంకు దగ్గర తరచుగా కనబడుతున్నాడని ఎవరో అన్నారు. ఆయనకు టీ అలవాటు లేదని మా అమ్మకు తెలుసు.

పండగకు ముందురోజు మధ్యాహ్నం మా నాయన పొట్టి కొవ్వొత్తులు తెచ్చి, సన్నటి తీగతో కొమ్మలకు కట్టాడు. సరిగ్గా నిలబడతాయో లేదో చూద్దామని ఒకటి వెలిగించాడు. నేను చప్పట్లు కొట్టాను. అదే క్షణంలో వీధిలోంచి ఒక గావుకేక వినబడింది. తల తిప్పేలోపల మా తాత మా ఇంటి నడుమ ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు కూడా విడవలేదు.

"నా చెట్టుకు నిప్పు పెడతా ఉండారా! సవుకాకు ఎట్ల అంటుకుంటాదో తెలీదా మీకు? బేల్దారోడికి రాళ్ళు తెలుసు గానీ చెట్లు తెలుసునా?" అని వెలుగుతున్న ఒత్తిని ఉత్త చేత్తోనే నలిపేశాడు.

మా నాయన రెండు అడుగులు వెనక్కి వేశాడు. మా అమ్మ వంటింట్లోంచి దూసుకొచ్చింది.

"నా ఇంట్లో అరిసేకి నువ్వెవురు?"

"చెట్టు నాది!"

"ఇల్లు నాది! యాడ నిలబడుకోనుండావో సూసుకో నాయనా."

ఆయన కిందికి చూశాడు. మా గడప ఆయన వెనకాల ఉంది. ప్రాణమున్నంత వరకు తొక్కనన్న గడప అది. వెనక్కి వెళ్ళాలంటే మళ్ళీ దాన్నే తొక్కాలి. ఏం చెయ్యాలో తోచక ఆయన అట్లాగే నిలబడిపోయాడు. ఏళ్ళ తర్వాత తండ్రీ కూతుళ్ళు ఎదురుపడి మాట్లాడుకున్న మొదటి మాటలవి. అన్నీ అరుపులే. ఆ అరుపు చివర 'నాయనా' అన్న పిలుపు తన నోటి నుంచి వచ్చిందని మా అమ్మకు తెలిసినట్టు లేదు.

అప్పుడు ఆమె గొంతు తగ్గింది. తగ్గాకే నాకు నిజంగా భయమేసింది. "పిల్ల చెట్టు కాలిపోతాదని ఇంత దూరం పరిగెత్తుకోనొచ్చినావే. మా అమ్మ పోయినప్పుడు ఒక మనిషిని పంపేకి నీకు కాళ్ళు రాలేదా?"

"పంపుంటే నువ్వొస్తావు" అన్నాడు మా తాత.

"రానా మరి? నన్ను కనింది ఆయమ్మ!"

"వస్తే నిన్ను సూసి నేను నిలబడలేను. ఊరంతా ఆడనే ఉండిరి."

"నీ రోసం కోసరం మా అమ్మ మొగం నాకు కడసారి లేకుండా చేసినావు."

"చేసినా" అన్నాడు.

ఆ ఒక్క మాటకు సాకు ఏదీ తగిలించలేదు. క్షమించమనీ అనలేదు. మా అమ్మ బహుశా ఆయన అబద్ధం చెబుతాడనో, తిరిగి అరుస్తాడనో ఎదురుచూసి ఉంటుంది. అరిస్తే తనూ అరిచేది. ఆ మాట తర్వాత ఆమెకు ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

"దీన్ని నేను మర్సిపోను నాయనా" అంది.

"మర్సిపోవద్దు" అన్నాడు మా తాత.

గుమ్మంలో పేట జనం మూగారు. మా నాయన వాళ్ళను పొమ్మని సైగ చేశాడు, ఎవరూ కదల్లేదు. మా తాత చెట్టు వైపు తిరిగాడు. ఆకు చిదిమి వాసన చూశాడు. తొట్టిలో మట్టిని వేలితో నొక్కాడు. బాగుందని ఆయన మొహం చెప్పింది గానీ నోరు చెప్పలేదు. "నీళ్ళు సాలవు" అన్నాడు. మా అమ్మ విసురుగా వెళ్ళి కడవలో ముంచి, చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టింది. నీళ్ళు చిమ్మి ఆయన పంచె తడిసింది. ఆయన వంగి చెంబు తీసుకుని, సగం నీళ్ళు చెట్టు మొదట్లో నిదానంగా పోశాడు. మిగిలిన సగం, చెంబు పైకెత్తి గటగటా తాగేశాడు.

నాకు అందులో వింతేమీ కనబడలేదు. దాహమేసింది, తాగాడు. కానీ గుమ్మంలో గుసగుసలు ఆగిపోయాయి. మా నాయన గోడ వైపు తిరిగి, తను కట్టిన గోడనే కొత్తగా చూస్తున్నట్టు నిలబడిపోయాడు. ఊరి నడుమ ఇళ్ళవాళ్ళు మా పేట నీళ్ళు ముట్టరని, ఆ సంగతి తెలియనివాళ్ళు అక్కడ నేనొక్కదాన్నేనని చాలా కాలానికి అర్థమైంది.

"తాగినావు గదా, ఇంక పో" అంది మా అమ్మ. ఆమె కోపం ఏమీ తగ్గలేదు.

"పోతా. కొవ్వొత్తులు మాత్రం పీకేయండి" అని గడప దాటి వెళ్ళిపోయాడు.

మా అమ్మ కొవ్వొత్తులు పీకించింది. చెట్టు చుట్టూ నేల మీద ప్రమిదలు పెట్టి వెలిగించాం.

పండగ అయిపోయాక ఆయన చెప్పినట్టే బండి కట్టుకుని వచ్చాడు. ఈసారి బండి పేట మొదట్లో ఆగలేదు, మా ఇంటి ముందే ఆగింది. మా అమ్మ బయటికి రాలేదు. మా నాయనా ఆయనా కలిసి చెట్టును బండిలోకి ఎక్కించారు. చెట్టును మళ్ళీ నాటడం చూడాలని నేనూ ఎక్కాను. వద్దనే మాట లోపలి నుంచి ఎవరూ అనలేదు.

మిట్ట దిగుతుండగా నాకు ఉండబట్టలేక అడిగాను. "తాతా, మా అమ్మ మీద నీకు కోపం పోయిందా?"

"యాడికి పోతాది? ఈడనే ఉండాది" అని ఆయన తన రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు.

"మరెందుకొచ్చినావు?"

ఆయన ఎద్దును అదిలించాడు. మిట్ట పూర్తిగా దిగాక అన్నాడు. "కోపం పోయినాక పోదాం, పోయినాక పోదాం అనుకుంటా ఇన్నేండ్లు కూసున్నా. మీ అవ్వ పోయింది గానీ ఆ పాడు కోపం పోలేదు. ఇంక దాన్ని ఎంటేసుకోనే వచ్చేసినా. అదీ బండెక్కి కూసునింది. కూసోనీ."

నాకు నవ్వొచ్చింది. కోపం బండెక్కి మా ఇద్దరి మధ్య కూర్చున్నట్టు ఊహించుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. చెట్టును తోపు గట్టు మీద నాటి, దాని చుట్టూ పాదు చేసేటప్పుడు మాత్రం, ఊరికే ఇచ్చేసుంటే మళ్ళీ వచ్చే పని ఉండదు కదా అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. చేబదులు అన్న మాట, మా అమ్మకు చేతగాదన్న మాట, కావాలని వేసిన ఎత్తులని నాకు అప్పుడు తెలియలేదు. కూతురి పౌరుషం ఆయనకు బాగా తెలుసు. దాన్నే తాడుగా పేని ఆమె ఇంటి గుమ్మానికి వేశాడు.

తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ ఒక చెట్టు చేబదులుగా వచ్చేది. వచ్చినప్పుడు ఒక కొట్లాట, వెళ్ళేటప్పుడు ఒక కొట్లాట. తొట్టి చిన్నదని ఆయన, చెట్టు వంకరని ఆమె. ఒక్కోసారి అవ్వ మాట వచ్చేది. అప్పుడు మా అమ్మ పిచ్చిదైపోయేది. ఆయన తల వంచుకుని అంతా వినేవాడు. ఒక సంవత్సరం సజ్జరొట్టె తిన్నాడు. ఇంకో సంవత్సరం మా నాయనతో బావి మోట గురించి మాట్లాడాడు. వాళ్ళు రాజీ పడ్డారని ఎవరైనా అంటే మా అమ్మ ఒప్పుకునేది కాదు. "రాజీ లేదు గీజీ లేదు. చెట్టు కోసరం వస్తాడు, పోతాడు" అనేది.

నేను హైస్కూలు చివరి తరగతిలో ఉండగా, ఒకరోజు పొద్దున్నే మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, సైకిలు మీద వచ్చాడు. ఆయన మా గడపలో అడుగు పెట్టడం అదే మొదలు. రొప్పుతూ అన్నాడు. "నాయన పోయినాడక్కా. ఊర్లో ఇంకా ఎవురికీ చెప్పలేదు. మొదట నీకే చెప్పాలని నాచేత ఒట్టేయించుకున్నాడు."

మా అమ్మ చేతిలోని చేట కింద పడిపోయింది. జుట్టు కూడా ముడేసుకోకుండా మిట్ట ఎక్కింది. మేం వెనకాల పరిగెత్తాం. ఊరివాళ్ళు ఎవరూ రాకముందే ఆమె ఆ ఇంట్లో, ఆయన తల దగ్గర కూర్చుంది. ఆయన మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని తిట్టడం మొదలుపెట్టింది. ఎన్ని తిట్లో! మా అమ్మ మొగం సూడనీలేదు గదా పాపిష్టోడా అంది. ఇప్పుడు నీ మొగం ఒకటే నాకు మిగిలింది గదా అంది. తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఆయన నుదుటి మీద చెదిరిన జుట్టు సర్దింది. ఊరి పెద్దలెవరో, పోయిన మనిషిని అట్లా తిట్టకూడదమ్మా అన్నారు. మా మామ వాళ్ళకు అడ్డంగా నిలబడి, తిట్టనీండి అన్నాడు.

ఇదంతా జరిగి ఒక జీవితకాలం గడిచింది. నేను నర్సుగా పనిచేసి, రిటైరై, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. కోపం మా అమ్మ నుంచి నాకూ, మా చెల్లెలికీ సమానంగా వచ్చింది. చెల్లెలు చిత్తూరులో ఉంటుంది. మా ఇద్దరికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు. కారణం చెప్పను. చెబితే మీరు వెంటనే తప్పెవరిదో తీర్పు చెప్పేస్తారు, అది నాకు ఇష్టం లేదు. నా మటుకు నాకు తప్పు ఆమెదే. నా పిల్లలు ఎన్నిసార్లో సర్ది చెప్పారు. మనసులోంచి తీసెయ్యమ్మా, ప్రశాంతంగా ఉంటావు అంటారు. తీసేస్తే పోయేదైతే ఎప్పుడో తీసేసేదాన్ని.

పోయిన డిసెంబరులో ఒక పొద్దున లేచి, ఎవరికీ చెప్పకుండా చిత్తూరు బస్సెక్కాను. దారి పొడవునా ఆమెను మనసులో తిడుతూనే ఉన్నాను. పాకాల దగ్గర దిగిపోదామా అనుకున్నాను. దిగలేదు. ఆమె ఇంటి తలుపును కోపంతోనే బాదాను. తలుపు తీసి నన్ను పై నుంచి కింది దాకా చూసింది. తలంతా నెరిసిపోయి ఉంది.

"ఎందుకొచ్చినావు?" అంది.

"కొట్లాడేకి" అన్నాను.

ఆమె పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది.